అర్థే చ, అర్ధే చ: శుభలేఖ శ్లోకాల ప్రాజెక్టు డైరీ

జూన్ 29, ఆదివారం

ఆషాఢం వచ్చేసింది. చిక్కడపల్లిలో మా ప్రింటింగ్ షాపుకి ఇది ఈగలు తోలుకునే నెల. పెళ్ళిళ్ళు లేవు, గృహప్రవేశాలు లేవు, విజిటింగ్ కార్డులూ బిల్ బుక్కులే దిక్కు. ఏడాది నుంచి వాయిదా వేస్తున్న పనిని అందుకే ఇప్పుడు పట్టుకున్నాను. శుభలేఖల మీద వేసే సంస్కృత శ్లోకాలన్నీ ఒక్క ఫైల్లో, ఒక్క తప్పు లేకుండా, యూనికోడ్‌లో పెట్టుకోవాలి. టైప్ చేసిన ప్రతిదాన్నీ గట్టిగా, సరిగ్గా చదవగలగాలి. లెక్కేస్తే మొత్తం 11 శ్లోకాలు తేలాయి.

ఇంత పట్టుదల ఎందుకంటే, మే నెలలో ఒక పార్టీకి 300 కార్డులు వేశాం. లోపలి పేజీలో పైన "ధర్మే చ అర్థే చ కామే చ నాతిచరామి" అని వెయ్యమన్నారు. టైప్ చేసింది నేను, ప్రూఫ్ చూసింది నేను, పార్టీ వాళ్ళు వాట్సాప్‌లో ఓకే పెట్టారు. కార్డులు వెళ్ళిన నాలుగో రోజు ఒక పెద్దాయన చేతిలో కార్డుతో షాపుకొచ్చారు. రిటైరైన సంస్కృతం లెక్చరర్.

"ఇది ఎవరు టైప్ చేశారమ్మా?"

"నేనేనండి."

"అర్ధే అని వేశావు. అర్థే అంటే సంపదలో, అర్ధే అంటే సగంలో. ధర్మంలోనూ సగంలోనూ కామంలోనూ నిన్ను దాటి నడవను అంటున్నాడు మీ పెళ్ళికొడుకు. మిగతా సగం సంగతేమిటని ఆ పిల్ల అడిగితే ఏం చెప్తాడు?"

షాపులో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. థ అక్షరం కడుపులో చుక్క ఉంటుంది, ధ కడుపులో ఉండదు. తేడా అంతే. పద్నాలుగేళ్ళుగా టైప్ చేస్తున్నాను, ఆ చుక్కని ఎప్పుడూ సరిగ్గా చూడలేదు. ఇంకో సంగతి చెప్పాలి, సిగ్గుగానే ఉంది. ఇంటర్‌లో నా సెకండ్ లాంగ్వేజ్ సంస్కృతం. 98 మార్కులు వచ్చాయి. జవాబులన్నీ బట్టీ. సొంతంగా ఒక్క వాక్యం చెప్పమంటే ఇప్పటికీ నోరు పెగలదు.

ఆయన నంబర్ తీసుకుని ఫోన్ చేశాను. "ఆదివారం పొద్దున్నే రా. ఫీజు వద్దు, నా పిల్లల క్లాసు పేపర్లు ప్రింట్ తీసివ్వు చాలు" అన్నారు. ఇక నుంచి ఆయన్ని మాస్టారు అనే రాస్తాను.

జూలై 6, ఆదివారం

తొలి ఏకాదశి. ఫీవర్ హాస్పిటల్ స్టాప్‌లో దిగి నల్లకుంట సందుల్లో మాస్టారి ఇల్లు వెతుక్కోడానికి ఇరవై నిమిషాలు పట్టింది.

కోఠిలో పాత పుస్తకాల దగ్గర కొన్న శబ్దమంజరి (సంస్కృత పదాల రూపాలన్నీ వరసగా ఉండే పుస్తకం) తీసుకెళ్ళాను. రామః రామౌ రామాః మొదలుపెడదాం అంటారనుకున్నాను. పుస్తకం మూసి పక్కన పెట్టించారు. "ముందు నీ నోరు చూద్దాం" అన్నారు.

బటర్ పేపర్ ముక్క ఒకటి నోటి ముందు పట్టుకోమన్నారు. (మా షాపులో దీనికి కొదవ లేదు, హ్యాండ్ బ్యాగులో నుంచే తీశాను.) త అంటే పేపర్ కదలకూడదు. థ అంటే ఊగాలి. తర్వాత రెండు వేళ్ళు గొంతు మీద పెట్టుకోవాలి. త, థ అన్నప్పుడు గొంతు మోగదు. ద, ధ అన్నప్పుడు మోగుతుంది. అంటే థ అన్నప్పుడు పేపర్ ఊగాలి, గొంతు ఊరుకోవాలి. ధ అన్నప్పుడు పేపరూ ఊగాలి, గొంతూ మోగాలి.

నేను "కథ" అన్నాను. పేపర్ కొంచెం ఊగింది, వేళ్ళ కింద గొంతు మాత్రం జుమ్మంది. అంటే నేను ఇన్నాళ్ళూ అన్నది "కధ". "రథం", "విద్యార్థి", "నిశ్చితార్థం" అన్నీ అంతే. వేలు తప్పడం కాదు. నోటికి ఏది వచ్చిందో చేతికీ అదే వచ్చింది. నా ప్రూఫ్ రీడింగ్ ఎందుకు పనికిరాలేదో అప్పుడు అర్థమైంది. ప్రూఫ్ చూసేటప్పుడు మనం లోపల్లోపల చదువుకుంటాం కదా. ఆ లోపలి గొంతుకే థ రాదు.

తర్వాత ఫ. "ఫలం" అనమన్నారు. అన్నాను. "అది ఫలక్‌నుమాలో ఫ. కింది పెదవి పై పళ్ళకి తాకుతోంది చూడు. సంస్కృతంలో ఫ అంటే ప అన్నట్టే రెండు పెదాలూ కలవాలి, విడిపోయేటప్పుడు గాలి ఎక్కువ పోవాలి." హైదరాబాదులో పుట్టి పెరిగిన నోటికి ఇది చచ్చే చాకిరీ. ఉర్దూ ఫ అంత అలవాటైపోయింది. ఒకే అక్షరంతో రెండు శబ్దాలు నడిపిస్తున్నామని ఇవాళే తెలిసింది.

పనైన శ్లోకాలు: సున్నా. ఊదేసిన బటర్ పేపర్లు: నాలుగు.

జూలై 8, మంగళవారం

షాపులో పని లేదు. పాత ఫైళ్ళన్నీ తెరిచి శ్లోకాలు ఒకచోట చేర్చాను. ఒకే శ్లోకం ఏడు రకాలుగా దొరికింది. ఎవరి కార్డు చూసి ఎవరు కొట్టారో, ఎవరి తప్పు ఎవరు మోశారో దేవుడికే ఎరుక.

పాత ఫాంట్లలో టైప్ చేసినవన్నీ యూనికోడ్‌లోకి మార్చాక అసలు బండారం బయటపడింది. విసర్గ (ః) ఉండాల్సిన చోట మూడు వంతులు కోలన్ ఉంది. చూడ్డానికి ఒకేలా రెండు చుక్కలే కదా అని కొట్టేశాం. సున్న ఉండాల్సిన చోట కొన్నిసార్లు అంకెల్లో సున్నా ఉంది. అవగ్రహం (ఽ) కోసం ఇంగ్లిష్ ఎస్ వాడిన మహానుభావుడు ఎవరో కానీ, ఒక ఫైల్లో అది నేనే. కాగితం మీద ఇవేవీ కనబడవు. కంప్యూటర్‌లో వెతికితే మాత్రం దొరకవు, వేరే లిపిలోకి మారిస్తే మొహం చిట్లిస్తాయి. ఈ చెత్త ఊడ్చడానికే రెండు రోజులు పట్టింది.

జూలై 13, ఆదివారం

ఇవాళ వ్యాకరణం. మాహేశ్వర సూత్రాలు, అంటే అక్షరాలని గుంపులుగా పేర్చిన వరస. అ ఇ ఉ ణ్, ఋ ఌ క్, ఏ ఓ ఙ్, ఐ ఔ చ్... మొత్తం 14. శివుడి ఢమరుకంలోంచి వచ్చాయని చెప్తారు. పాణిని తన సంస్కృత వ్యాకరణంలోని సుమారు నాలుగు వేల సూత్రాలకీ వీటినే పునాదిగా పెట్టుకున్నాడు.

మాస్టారు ఒక చిన్న ప్రశ్న వేశారు. "అచ్చు అంటే ఏమిటమ్మా?"

"అ నుంచి ఔ వరకు ఉన్నవి."

"అది తెలుసు. దాన్ని అచ్చు అని ఎందుకన్నారు?"

తెలియదు. ఒకటో తరగతి నుంచి అంటున్నాను, పైగా అచ్చు యంత్రాల మధ్య బతుకుతున్నాను. చెప్పారు. మొదటి సూత్రంలో మొదటి అక్షరం అ, నాలుగో సూత్రం చివర పొల్లు చ్. ఈ రెండూ కలిపితే "అచ్". మధ్యలో ఉన్న అచ్చులన్నిటికీ అదే పేరు. ఐదో సూత్రం హ తో మొదలవుతుంది, పద్నాలుగోది "హల్". ఐదోదానిలోని హ నుంచి ఆ చివరి ల్ దాకా ఉన్నవి హల్లులు. చివర పొల్లులు లెక్కలోకి రావు, అవి జెండా కర్రల్లాంటివి, ఎక్కడ ఆగాలో చెప్పడానికి. తెలుగు బడిలో పలక పట్టిన ప్రతి పిల్లా పాణిని పెట్టిన పొట్టి పేర్లు వల్లిస్తోందన్నమాట. నేను కాసేపు ఏమీ మాట్లాడలేదు.

అదే ఊపులో పదో తరగతి సంధులన్నీ తిరగతోడాం. ఇక్ అంటే ఇ, ఉ, ఋ, ఌ. యణ్ అంటే య, వ, ర, ల. ఇక్ తర్వాత వేరే అచ్చు వస్తే ఇక్ పోయి యణ్ వస్తుంది, "ఇకో యణచి". యణాదేశ సంధి అంటే ఇదే. పరీక్షలో "అతి + అంత = అత్యంత" రాసి రెండు మార్కులు తెచ్చుకున్నాను కానీ యణ్ అంటే ఏమిటో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

వెంటనే శుభలేఖకి వాడాం. "జానక్యాః": జానకీ + ఆః. ఈ పోయి య వచ్చింది. "జానకి యొక్క" అని అర్థం. "మహోత్సవం": మహా + ఉత్సవం, గుణసంధి. "నాతిచరామి": న + అతిచరామి. దాటి నడవను. చరామి అంటే నేను నడుస్తాను, అతి అంటే దాటి. చివర "మి" ఉంటే చేసేది "నేను". తెలుగులో చేస్తాను, వస్తాను అన్నప్పుడు చివర "ను" ఉన్నట్టే.

జూలై 20, ఆదివారం

బోనాలు. సందు చివర మైకు, డప్పులు. మాస్టారు గొంతు పెంచి చెప్పాల్సి వచ్చింది. అయినా ఇప్పటిదాకా జరిగిన క్లాసుల్లో నాకు ఎక్కువ పనికొచ్చింది ఇదే.

తెలుగువాళ్ళ శుభలేఖ మీద సీతారాముల తలంబ్రాల శ్లోకం తెలియని వాళ్ళుండరు. జానకి దోసిట్లో ఉన్నప్పుడు కెంపుల్లా, రాముడి తల మీద పడ్డప్పుడు మొల్లపూలల్లా, నల్లని ఒంటి మీదుగా జారినప్పుడు ఇంద్రనీలాల్లా కనిపించిన ఆ ముత్యాలు మీకు శుభం కలిగించుగాక అని. నా దగ్గరున్న ఏడు పాఠాల్లో విసర్గలు ఏడు రకాలుగా ఉన్నాయి. కొన్నిటిలో "యాః ఇంద్రనీలాయితాః", కొన్నిటిలో "యా ఇంద్రనీలాయితాః". పద్నాలుగేళ్ళుగా నేను చేసిన ఘనకార్యం ఏమిటంటే, విసర్గ లేని చోటల్లా టైపింగ్ మిస్టేక్ అనుకుని పెట్టేశాను.

మాస్టారు ముందు విసర్గలు అన్నెందుకున్నాయో చెప్పారు. ముక్తాః అంటే ముత్యాలు. స్త్రీలింగం, బహువచనం. వాటిని వర్ణించే ప్రతి మాటా అదే వేషం వెయ్యాలి. యాః, తాః, న్యస్తాః, స్రస్తాః, శుభదాః. శ్లోకం మొత్తం ఒకే ముత్యాల దండలా ఆః, ఆః అని సాగడానికి కారణం ఇది.

తర్వాత అసలు సూత్రం. "ఆః" అన్నదాని తర్వాత అచ్చు వచ్చినా, గొంతు మోగే హల్లు వచ్చినా విసర్గ పోతుంది. గొంతు మోగని క, ప, శ లాంటివి వస్తే ఉంటుంది. త వస్తే స్ అవుతుంది.

మొదటి వారం వేళ్ళ పరీక్ష ఇక్కడ పనికొచ్చింది. పెన్ను తీసుకుని ఒక్కోటీ చూశాను. "యాః పద్మరాగ": ప మోగదు, విసర్గ ఉంటుంది. "న్యస్తా రాఘవ": ర మోగుతుంది, పోతుంది. "కలితా యా": య మోగుతుంది, పోతుంది. "యా ఇంద్ర": ఇ అచ్చు, పోతుంది. "ముక్తాస్తాః": త, కాబట్టి స్. "శుభదా భవంతు": భ మోగుతుంది, పోతుంది. "స్రస్తాః శ్యామల": శ మోగదు, ఉంటుంది.

అంటే విసర్గ లేని చోట లేకపోవడమే సరైనది. నేను కష్టపడి దిద్దినవన్నీ చెడగొట్టినవి. విసర్గలన్నీ ఉంచి విడివిడిగా వేస్తే తప్పు కాదా అని అడిగాను. "పాఠం చెప్పడానికి విడగొట్టి రాస్తాం. పద్యంలో ఒక పాదంలోపల సంధి చెయ్యకుండా వదలరు" అన్నారు.

నాకు ఒక అనుమానం వచ్చింది. యా, ఇంద్ర పక్కపక్కనే ఉన్నాయి కదా, విసర్గ పోయాక గుణసంధి జరిగి "యేంద్ర" అవ్వాలి కదా? మాస్టారి మొహం వెలిగిపోయింది. ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టున్నారు. పాణిని వ్యాకరణం అష్టాధ్యాయిలో ఎనిమిది అధ్యాయాలు, ఒక్కోదానిలో నాలుగు పాదాలు. చిట్టచివరి మూడు పాదాల్లోని సూత్రాలు చేసిన పని ముందున్న సూత్రాల కంటికి కనబడదు. "పూర్వత్రాసిద్ధమ్" అని పాణిని ఒక గీత గీసిపెట్టాడు. విసర్గ పోవడం గీతకి అవతల జరిగింది, గుణసంధి గీతకి ఇవతల ఉంది. దాని దృష్టిలో అక్కడ ఇంకా ఏదో అడ్డం ఉన్నట్టే. కాబట్టి కలపదు. ప్రింటింగ్ వాళ్ళకి చెప్పాలంటే, ప్లేట్ అయిపోయాక ఫైల్లో చేసిన కరెక్షన్ లాంటిది.

ఇంటికొచ్చి శ్లోకానికి గణాలు వేశాను. మ స జ స త త గ, 19 అక్షరాలు, శార్దూలం. ఇదొక కొత్త ప్రూఫ్ రీడర్ దొరికినట్టైంది. ఒక పాత కార్డులో "విలసకుంద" అని ఉంది. త్ ఎగిరిపోవడంతో గురువు ఉండాల్సిన చోట స లఘువైపోయింది, గణం దెబ్బతింది. "విలసత్కుంద" అని పెడితే చక్కగా కూర్చుంది.

ఒక శ్లోకం పూర్తి.

జూలై 26, శనివారం

నిన్నటి నుంచి శ్రావణం. ఆర్డర్లు మీద పడ్డాయి. భోజనానికి కూడా టైం లేదు, డైరీ రెండు ముక్కలే.

ఒక పార్టీ ఆయన "శ్రీ విశ్వావసు నామ సంవత్సర" అని వేస్తే "విశ్వవసు కదమ్మా, మధ్యలో దీర్ఘం ఎందుకు?" అని పట్టుకున్నారు. మాస్టారికి ఫోన్ చేశాను. విశ్వ తర్వాత వసు వస్తే దీర్ఘం వస్తుందని పాణిని ప్రత్యేకంగా ఒక సూత్రం పెట్టాడట. ఇంకో సూత్రంలో ఋషి పేరైతే మిత్ర ముందు కూడా దీర్ఘం. విశ్వామిత్రుడు! విశ్వ + అమిత్ర అనుకుంటే లోకానికి శత్రువు అయిపోతాడు పాపం. ఆయన లోకానికి మిత్రుడే, దీర్ఘం సంధి వల్ల వచ్చింది కాదు.

పార్టీ ఆయనకి ఇదంతా చెప్తే "సరే సరే, మీరెలా వేస్తే అలా" అని వెళ్ళిపోయారు.

ఆగస్టు 3, ఆదివారం

మాంగల్య శ్లోకం. ఇది నేను ఊహించని రకంగా షాపులో పరువు తీసింది.

నా పాత ఫైల్లో "కంటే బద్నామి సుభగే" అని ఉంది. ప్రింట్ తీసి గోడకి అంటించి తప్పులు దిద్దుతుంటే మా మెషిన్ అన్న వెనక నుంచి చదివి పడీ పడీ నవ్వాడు. "అక్కా, ఏంది గిది? తాళి కట్టేటప్పుడు బద్నాం చేస్తడా పెండ్లికొడుకు?" ఉర్దూలో బద్నాం అంటే చెడ్డపేరు. కంటే బద్నామి! కంటే బద్నామే, కనకపోయినా బద్నామే. రోజంతా అదే జోకు.

సరైనది "కంఠే బధ్నామి". మెడలో కడుతున్నాను. బంధ్ అనే ధాతువు (క్రియకి మూలం), అందుకే ధ కి ఒత్తు. బంధం, బంధువు, నిబంధన అన్నిటిలో ధ ఉన్నట్టే. ఒత్తు ఎక్కడ పెట్టాలో తెలియకపోతే ధాతువుని అడుగు అని మాస్టారు చెప్పింది నాకు బాగా పట్టుబడింది. "అర్థ"కి కూడా అంతే. అర్థం, అర్థి, ప్రార్థన, సమర్థుడు అన్నీ ఒక కుటుంబం, అన్నిటిలో థ. సగం అనే అర్ధ కుటుంబం వేరు, అర్ధరాత్రి, అర్ధాంగి. మొన్న ఒకరు భయంతో "అర్థాంగి" అని దిద్దించుకున్నారు. దిద్దకుండా ఉంటే బాగుండేది, ఆవిడ భర్తలో సగమే, డబ్బు కాదు.

రెండు ఒత్తుల గొడవకి కూడా ఒక దారి దొరికింది. అభివృద్ధి, అభివృధ్ది, అభివృద్ది, అభివృధ్ధి, ఈ నాలుగూ మా కార్డుల్లో ఉన్నాయి. వృధ్ ధాతువు, చివర తి. కలిసేటప్పుడు తి కాస్తా ధి అవుతుంది, ముందున్న ధ్ తన ఊపిరి వదిలేసి ద్ అవుతుంది. వృద్ధి. శుద్ధి, బుద్ధి, సిద్ధి అన్నీ ఇదే. ఇలా రెండు జంటగా వచ్చినప్పుడు ఊపిరి వెనకదానికే. బధ్నామిలో వెనక న ఉంది, అది ఈ జట్టు కాదు, కాబట్టి ధ్ అలాగే ఉంటుంది.

"మాంగల్యం తంతునానేన" అని కొందరు, "మాంగల్యతంతునానేన" అని కొందరు వేయించుకుంటారు. తంతునా + అనేన, ఈ దారంతో. మాస్టారు సమాసం వైపు. "ఈ మంగళసూత్రంతో" అని ఒక్క మాటగా సూటిగా ఉంటుందన్నారు. సున్నతో ఉన్నదానికి కూడా "ఈ దారంతో మాంగల్యాన్ని" అని అర్థం చెప్పుకోవచ్చట. గణాలు వేసి చూస్తే రెండూ కూర్చున్నాయి. ఛందస్సు తీర్పు చెప్పకపోతే ఏం చెయ్యాలి? రెండూ ఫైల్లో పెట్టాను, సమాసం పైన.

శ్లోకం చివర "శతం" కాదు "శతమ్". ఆగిపోయే చోట మ్. తర్వాత హల్లు ఉంటే సున్న. అచ్చు ఉంటే మ్ దానితో కలిసిపోతుంది. మన తెలుగు లిపిలో సున్న ఒక్కటే ఐదు వేషాలు వేస్తుంది. మాంగల్యలో ఙ్, అంజలిలో ఞ్, కంఠంలో ణ్, తంతులో న్, శుక్లాంబరంలో మ్. ఇది ఒక్కటి మాత్రం నాకు నేర్చుకోకుండానే వచ్చింది. బటర్ పేపర్ అక్కర్లేకుండా నోరు దానంతటదే తిరిగింది. మాస్టారు ఈ ఐదూ వరసగా చెప్పించి తల ఊపారు.

ఆగస్టు 10, ఆదివారం

న, ణ. ల, ళ.

ర గానీ ష గానీ ముందుంటే అదే మాటలో తర్వాత వచ్చే న కాస్తా ణ అవుతుంది. రామేణ, గ్రహణం, పాణిగ్రహణం. మధ్యలో అచ్చులు, క వర్గం, ప వర్గం, య వ ర హ ఉంటే ఫరవాలేదు. వేరేవి అడ్డం వస్తే ఆగిపోతుంది. అందుకే "రామేణ" కానీ "కృష్ణేన". కృష్ణుడిలో ష ఉంది కదా అంటే, మధ్యలో ణ అడ్డం పడింది. పూర్వాహ్ణం, అపరాహ్ణం, ఇక్కడ ర ఉంది, ణ. మధ్యాహ్నంలో ర లేదు, న. మేము వేసే ప్రతి కార్డులో "మధ్యాహ్నం 12.30 గంటలకు విందు" ఉంటుంది. స్పెల్లింగ్ ఎప్పుడూ తప్పలేదు, కారణం మాత్రం ఇవాళే తెలిసింది. (పలకడం మాత్రం మద్దాన్నమే. అది ఇప్పట్లో మారదు, మార్చాలని కూడా లేదు.)

ళ విషయంలో కొంచెం వాదించాను. మంగళం, కళ్యాణం, కాళిదాసు, అన్నీ ళ తోనే కదా మనకి అలవాటు. మాస్టారు చెప్పింది ఏమిటంటే, వేదంలో ళ ఉంది, ఋగ్వేదం మొదటి మంత్రంలోనే "అగ్నిమీళే" అని వస్తుంది. తర్వాతి సంస్కృతంలో అది లేదు. మఙ్గల, కల్యాణ, కాలిదాస, అన్నీ ల. తెలుగులో మంగళం అన్నది తెలుగు మాటే, దాన్ని దిద్దక్కర్లేదు. శ్లోకంలో మాత్రం ల పెట్టు. కల్యాణం అని తెలుగులోనే ల తో రాసేవాళ్ళూ ఉన్నారు కాబట్టి అది నీ ఇష్టం అన్నారు. మా ఓనర్‌కి చెప్తే "కళ్యాణం ళ తోనే ఉండనీ, పార్టీలు గొడవ చేస్తారు" అన్నారు. ఇద్దరి మాటా విన్నాను. శ్లోకాల్లో ల, కార్డు హెడ్డింగ్‌లో ళ.

ఆరు శ్లోకాలు పూర్తి.

ఆగస్టు 24, ఆదివారం

పోయిన ఆదివారం క్లాసు ఎగ్గొట్టాను, శ్రావణం పని. ఇవాళ్టి నుంచి భాద్రపదం, మళ్ళీ ఖాళీ.

గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ సంస్కృత విభాగం వాళ్ళ "సంసాధనీ" అనే టూల్ గురించి మాస్టారి దగ్గరికి వచ్చే ఒక కుర్రాడు చెప్పాడు. మాట ఇస్తే విభక్తి, లింగం, వచనం చూపిస్తుంది, సంధి విడదీస్తుంది. మిగిలిన ఐదు శ్లోకాలకి దాన్ని పక్కన పెట్టుకున్నాను. ముందు నేను విడదీసి, తర్వాత అది ఏమంటుందో చూడ్డం. మూడుసార్లు నేను తప్పు, ఎనిమిదిసార్లు ఒప్పు. బటన్ నొక్కి జవాబు తెచ్చుకుంటే ఇంటర్ 98 మార్కుల కథ మళ్ళీ మొదలవుతుందని భయం, అందుకే ఈ వరస తప్పకుండా పాటిస్తున్నాను.

ద్వివచనం నాకు భలే నచ్చింది. వధూవరౌ. వధువూ వరుడూ, ఇద్దరు, ఇద్దరే. దంపతీ అన్నా అంతే. తెలుగులో "వధూవరులు" అంటే ఇద్దరో ఇరవై మందో, సామూహిక వివాహాల కార్డుకీ అదే మాట. ఈ భాషలో పెళ్ళికోసమే ఒక వచనం పెట్టినట్టుంది.

సెప్టెంబర్ 7, ఆదివారం

నిన్న నిమజ్జనం, ఇవాళ రాత్రి చంద్రగ్రహణం. మాస్టారు పొద్దున్నే రమ్మన్నారు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ అంతా పేపర్ ముక్కలు, గులాల్.

11 శ్లోకాలూ ప్రింట్ తీసి ఇచ్చాను. ఎర్ర పెన్ను పట్టుకుని గంటసేపు చూశారు. రెండు చోట్ల గీత పడింది. ఒకచోట శ్చ ఉండాల్సింది ష్చ కొట్టాను. చ పక్కన ఉండేది శ, ట పక్కన ష, త పక్కన స, ఎవరి వీధిలో వాళ్ళుంటారు అని చెప్పారు, నిశ్చయం, ఇష్టం, హస్తం అని వేళ్ళు మడిచి చూపిస్తూ. రెండోది ఒక అవగ్రహం. ఇంగ్లిష్ ఎస్ మళ్ళీ ఎక్కడి నుంచో దూరింది.

చదవడం పరీక్ష ఇంకా ఉంది. ఫోన్లో రికార్డు చేసి పంపమన్నారు. థ కి టిక్ పడింది, ఫ కి పడింది. శ, ష దగ్గర మాత్రం పద్నాలుగు రికార్డింగులు పంపాను. శ కి నాలుక చ దగ్గరికి, ష కి ట దగ్గరికి వెనక్కి మడవాలి. "శ్యామల" బాగుందట. "పుష్పం" అన్నప్పుడు నాలుక సగం దారిలో ఆగిపోతోందట.

మధ్యాహ్నం షాపుకి ఒకాయన వచ్చారు, మాఘమాసం పెళ్ళికి ఇప్పుడే కార్డు డిజైన్ చూసుకోడానికి. పాత కార్డు ఒకటి తెచ్చారు, వాళ్ళ పెద్దమ్మాయి పెళ్ళిది. "అచ్చం ఇలాగే కావాలి, ఒక్క అక్షరం మార్చొద్దు, మా ఇంటి సెంటిమెంట్" అన్నారు. కార్డు తిప్పి చూశాను. వెనక చిన్న అక్షరాల్లో మా షాపు పేరు. లోపల "ధర్మేచ అర్ధేచ".

అరగంట మాట్లాడాను. చుక్క చూపించాను, సగం అర్థం చెప్పాను. ఆయన నవ్వారు కానీ ఒప్పుకోలేదు. చివరికి ఆయన అడిగినట్టే టైప్ చేసి, కొత్త ఫైల్లో కాకుండా "పార్టీ వారి పాఠం" అని వేరే ఫోల్డర్ పెట్టి అందులో వేశాను. అడ్వాన్స్ ఇచ్చి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "ఆ చుక్క పెడితే ఎంత ఎక్స్‌ట్రా అవుతుందమ్మా?" అని అడిగారు.

రికార్డింగ్ 15, పుష్పం. రాత్రి గ్రహణం పట్టేలోపు పంపాలి.